పాత అంబాసిడరు కారు: బాగుచేయుట, మెఱుగుపఱచుట



ఒకప్పుడు మన గ్రామములలో కారు అనగా అంబాసిడరే. పెండ్లికొడుకును ఊరేగించినది ఆ బండియే. పురిటినొప్పులు పడుచున్న ఆడుబిడ్డను అర్ధరాత్రివేళ పట్టణపు ఆసుపత్రికి చేర్చినదియు ఆ బండియే. ఎన్నికల దినములలో దుమ్ము రేపుచు వచ్చి రచ్చబండ యెదుట ఆగినదియు అదియే. నేడు దాని సంతతి అరుదైనది. అయినను, అనేక గృహములలో గడ్డివాము ప్రక్కనో, రేకులషెడ్డులోనో, చక్రములు నేలకు కుంగి, కప్పుపై కోళ్లు నిదురించుచుండగా ఒక పాత అంబాసిడరు నిలిచియున్నది. పట్టణమునుండి వచ్చిన కుమారుడో మనుమడో దానిని చూచి, "దీనిని బాగుచేయింతము, క్రొత్త ఇంజను వేయింతము" అని ఉత్సాహపడును. ఇంటి పెద్ద ధనము తీసి యిచ్చును. ఆ ధనము మొదట దేనికి ఖర్చు కావలయును? ఈ ప్రశ్నకే నేడు సమాధానము చెప్ప దలచినాను.

ముందుగా ఈ బండి పుట్టుక కొంత తెలిసికొందము. ఇంగ్లండు దేశపు మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి యను కారు దీనికి మాతృక. 1942లో ఏర్పడిన హిందూస్థాన్ మోటార్సు సంస్థ, పశ్చిమ బెంగాలులోని ఉత్తర్‌పాడా కర్మాగారమున 1957 మొదలు 2014 వఱకు దీనిని తయారుచేసెను. అన్ని సంవత్సరములలోను బండి ఆకారము పెద్దగా మారలేదు. మన పల్లెలలో మిగిలిన పాత పెట్రోలు బండ్లలో చాలవఱకు నాలుగు సిలిండరుల 1489 ఘన సెంటీమీటర్ల ఇంజను ఉండును. దాని బలము సుమారు 50 అశ్వశక్తి. పిమ్మట డీజిలు ఇంజనులు వచ్చినవి. 1990ల తొలినాళ్లలో 1817 ఘన సెంటీమీటర్ల ఇసుజు పెట్రోలు ఇంజనును, ఐదు గేర్లును గల బండ్లు వచ్చినవి. ఈ కారులో కంప్యూటరు లేదు, దాపరికము లేదు. నాలుగు పానాలు, ఒక సుత్తి, ఒక జాకీ యున్న పనివాడు దీనిని విప్పగలడు. అదియే దీని గుణము, అదియే దీని కీడు. ఎవరైనను విప్పగలరు కావున ఎందఱో విప్పినారు. ఒకరు వేసిన బోల్టు వేఱొకరు మార్చినారు. అందుచేత షెడ్డులోని బండి కర్మాగారమునుండి వచ్చిన బండియే యని తలంపరాదు.

బాగుచేయుట వేఱు, మెఱుగుపఱచుట వేఱు. అరిగిన భాగమును దాని తొలి కొలతకు తెచ్చుట బాగుచేయుట. తొలి కొలతను మించిన బలమునో, భద్రతనో చేర్చుట మెఱుగుపఱచుట. మొదటిది చేయక రెండవదానికి పూనుకొనువాడు, ఇరుసు అరిగిన బండికి ఒంగోలు గిత్తలను కట్టినవానివంటివాడు. గిత్తల బలము ప్రయాణమునకు పనికిరాదు, బండిని విఱుచుటకే పనికివచ్చును.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడుడు. బ్రేకు వేసినపిదప బండి ఆగుటకు పట్టు దూరము, వేగముతో సమానముగా పెరుగదు. వేగముయొక్క వర్గమునుబట్టి పెరుగును. గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఆగుటకు పట్టిన దూరమునకు, 80 కిలోమీటర్ల వేగమున నాలుగింతలు పట్టును. ఈ కారు బరువు సుమారు 11 క్వింటాళ్లు. అందు ఐదుగురు కూర్చుండి సామాను వేసినచో ఇంకను హెచ్చు. దానికి క్రొత్త బలమిచ్చి పాత బ్రేకులనే యుంచుట ఎంతటి ప్రమాదమో ఈ లెక్కయే చెప్పుచున్నది. కావున ధనము ఖర్చుపెట్టు వరుస ఇది: మొదట ఆగుట, రెండవది తిరుగుట, మూడవది చల్లగా నడచుట, చివరికి పరుగు.

పనికి పూర్వము పరీక్ష. ఈ కారునకు లారీకి వలె వేఱుగా చట్రము లేదు, రేకుగూడే చట్రము. వెనుక కమానుకట్టలు వ్రేలాడు చోటులు, ముందు చక్రముల భాగములు బిగింపబడిన చోటులు ఆ గూటిలోనివే. కావున తుప్పు రంగుకు సంబంధించిన విషయము మాత్రమే కాదు. బండి క్రింద పండుకొని, చిన్న స్క్రూడ్రైవరుతో ఆ చోటులను పొడిచి చూడవలెను. ఇనుము గట్టిగా మ్రోగిన మంచిది. మొన లోపలికి దిగినచో, మొదట ఆ రేకును కోసి క్రొత్త రేకు అతికింపవలెను. ఆ చోట తుప్పును మట్టుతో పూడ్చి రంగు వేయువాడు మీ శత్రువుతో సమానుడు.

ఏండ్లతరబడి కదలని ఇంజనును వెంటనే సెల్ఫు కొట్టి చూడరాదు. సిలిండరులలో పిస్టను రింగులు తుప్పుపట్టి గోడలకు అంటుకొనియుండును. బలవంతముగా త్రిప్పినచో రింగు విఱుగును, గోడ గీచుకొనును. ప్లగ్గులు నాలుగును తీసి, ఒక్కొక్క సిలిండరులో కొంచెము పలుచని ఆయిలు పోసి, ఒకటిరెండు దినములు నాననిచ్చి, పిమ్మట ముందున్న హ్యాండిలుతో చేతి బలముచేత మెల్లగా త్రిప్పవలెను. పాత ఇంజను ఆయిలును పూర్తిగా దించి క్రొత్తది పోయవలెను. ట్యాంకులోని పాత పెట్రోలు జిగురై యుండును; దానిని పారబోసి, ట్యాంకును కడుగవలెను.

ఇక బ్రేకులు. పెడలు త్రొక్కినపుడు మాస్టరు సిలిండరులోని బ్రేకు ఆయిలు గొట్టములగుండా నాలుగు చక్రములకు పోయి, అచ్చటి చిన్న సిలిండరులను నెట్టును. అవి షూలను డ్రమ్ములకు ఒరయించును. పాత బండ్లలో ఈ గొట్టముల దారి యంతయు ఒకటే. ఎచ్చట ఒక గొట్టము పగిలినను నాలుగు చక్రముల బ్రేకులును ఒక్కసారిగా పోవును. అప్పుడు మిగులునది వెనుక చక్రములను పట్టు చేతిబ్రేకు మాత్రమే. అందుచేత చేతిబ్రేకును అలంకారముగా ఎంచక, అది వాలుమీద నిండు బండిని నిలుపగలదో లేదో చూడవలెను.

బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనును. ఆ తేమ లోపలి ఇనుమును తినును. పొడుగైన ఘాటీలో దిగునప్పుడు వేడికి ఆవిరియై, పెడలు మెత్తబడి నేలకు పోవును. కావున రెండేండ్లకొకసారి ఆయిలు మార్చవలెను. నిలిచిపోయిన బండి యైనచో రబ్బరు కప్పులను, రబ్బరు గొట్టములను నాలుగు చక్రములకును మార్చవలెను. బాగుగా కనబడుచున్నదని ఒక్కటియు మిగుల్చరాదు. ఇచట మన పనివారికి ఒక మాట చెప్పుట అవసరము. బ్రేకు భాగములను కిరసనాయిలుతోగాని, పెట్రోలుతోగాని, ఇంజను ఆయిలుతోగాని కడుగరాదు. ఆ నూనెలు తగిలినచో బ్రేకు రబ్బరు ఉబ్బి పట్టుకొనిపోవును. స్పిరిటుతోనో, క్రొత్త బ్రేకు ఆయిలుతోనో కడుగవలెను.

ఇదంతయు బాగుచేయుట. ఇంకను ధనమున్నచో, మెఱుగుపఱచుటకు మొట్టమొదట తగినది ఈ చోటే. రెండు గదుల మాస్టరు సిలిండరు వేసినచో, ముందు చక్రముల దారి వేఱు, వెనుక చక్రముల దారి వేఱు అగును. ఒకటి పోయినను రెండవది బండిని ఆపును. ముందు చక్రములకు డిస్కు బ్రేకులు, త్రొక్కుడు బలమును హెచ్చించు సర్వో పరికరము కూడ అమర్చవచ్చును. అయితే ముందు బ్రేకులకును వెనుక బ్రేకులకును పొత్తు కుదురవలెను. వెనుక చక్రములు ముందుగా బిగిసినచో బండి వానదారిలో అడ్డము తిరుగును. కావున ఈ పని తెలిసినవాని చేతనే చేయింపవలెను. చేయించిన తరువాత ఖాళీ మైదానములో మెల్లని వేగమున ఆపి చూడవలెను.

రెండవది తిరుగుట. ఈ కారు ముందు చక్రములకు చుట్టస్ప్రింగులు లేవు. మెలిపడి తిరిగి సవరించుకొను పొడుగైన ఉక్కుకడ్డీలు ఆ పని చేయును. వెనుక కమానుకట్టలు. ముందు చక్రమును మోయుచు త్రిప్పెడి కీళ్లకు గ్రీజు పెట్టు రంధ్రములు ఉన్నవి. వానిని మఱచినచో కీలు లోలోపల అరుగును, పైకి తెలియదు, ఒకనాడు గుంతలో పడినపుడు చక్రము వాలిపోవును. జాకీతో చక్రమును లేపి, పైనను క్రిందను పట్టి ఊపి చూడవలెను. టక్కుమని కదలిక యున్నచో ఆ కీలు మార్చువఱకు బండి గడప దాటరాదు. స్టీరింగు కొసలనున్న గుండు కీళ్లను, రబ్బరు బుష్షులను ఆ విధముగనే పరీక్షింపవలెను. మార్చిన తరువాత చక్రముల వరుస సరిచూడవలెను. లేనిచో క్రొత్త టైర్లు కొలది మాసములలోనే ఒకవైపు అరిగిపోవును.

టైరు విషయమున గాడి లోతును మాత్రమే చూచి మోసపోవుట కలదు. కదలని బండి టైరునకు గాడి నిండుగా ఉండును, కాని రబ్బరు ముసలిదగును. టైరు ప్రక్కన నాలుగంకెల గుర్తు ఉండును. మొదటి రెండంకెలు వారమును, తరువాతి రెండు సంవత్సరమును తెలుపును. 2319 అని యున్నచో అది 2019వ సంవత్సరము 23వ వారమున తయారైనది. పదేండ్లు దాటిన టైరును ఎంత అందముగ ఉన్నను బండికి ఉంచరాదు.

మూడవది చల్లగా నడచుట. మన ఎండలో ఇంజనుకు ప్రాణము రేడియేటరు. గ్రామములలో బోరునీరు పోయుట అలవాటు. ఆ నీటిలోని సున్నము, వంటపాత్రకు అట్టకట్టినట్లే, రేడియేటరు గొట్టములలోను ఇంజను నీటిదారులలోను అట్టకట్టును. అప్పుడు నీరు నిండుగా నున్నను వేడి పోదు. రేడియేటరును విప్పించి కడిగించి, లేదా లోపలి భాగము క్రొత్తది వేయించి, శుద్ధజలముతో కలిపిన కూలెంటు పోయవలెను. అది తుప్పును కూడ ఆపును. కొందఱు వేడి తగ్గునని థర్మోస్టాటును తీసివేయుదురు. అది తప్పు. థర్మోస్టాటు ఇంజనును తగిన వేడికి త్వరగా తెచ్చి అచ్చట నిలుపును. చల్లని ఇంజను త్వరగా అరుగును.

ఇంధనములో వచ్చిన మార్పులు రెండు ఈ పాత బండ్లను తాకుచున్నవి. మన దేశమున 2000 ఫిబ్రవరి 1 నుండి సీసము కలిపిన పెట్రోలు నిలిచిపోయినది. ఆ సీసము వాల్వు కూర్చుండు పీటలపై పలుచని పొరయై వానిని కాపాడెడిది. అది లేనందున పాత పోతయినుప పీటలు, ముఖ్యముగా హెచ్చు వేగమున నడుపువారి బండ్లలో, అరిగి లోపలికి దిగును. ఏ కారణముచేతనైన హెడ్డు విప్పినపుడు గట్టి ఉక్కు పీటలు వేయించుట మంచి మెఱుగు. దానికొఱకే హెడ్డు విప్పనక్కఱలేదు. రెండవ మార్పు, ఇప్పుడు పెట్రోలులో కలుపుచున్న ఇథనాలు. 2023 నుండి 20 శాతము కలిపిన పెట్రోలు మన బంకులలో ప్రవేశించినది. ఇథనాలు పాతకాలపు రబ్బరు గొట్టములను, పెట్రోలు పంపులోని పొరను మెత్తబఱచి పగులజేయును. నీటిని పీల్చి ట్యాంకులో తుప్పు పుట్టించును. వేడి ఇంజనుపై పెట్రోలు కారుట ఎంత అపాయమో చెప్పనక్కఱలేదు. కావున ఇథనాలును తట్టుకొను గొట్టములను, పొరను వేయింపవలెను. ట్యాంకును నెలలతరబడి సగము నింపి వదలరాదు.

విద్యుత్తు తీగలను కూడ ఇచటనే చెప్పవలెను. పాత తీగల పొర పెళుసై రాలును. ఈ బండ్లలో ఫ్యూజులు బహుస్వల్పము. అందుచేత నిప్పు పుట్టుట కలదు. తీగలను క్రొత్తవి వేయించి, దీపములకు రిలేలను, ఫ్యూజులను చేర్చుట తక్కువ ఖర్చులో గొప్ప మేలు. పాయింట్లకు బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషను, డైనమోకు బదులు ఆల్టర్నేటరు అమర్చుకొనవచ్చును. కాని కొన్ని పాత బండ్లలో బ్యాటరీ ధనధ్రువము గూటికి కలుపబడియుండును. నేటి బండ్లలో ఋణధ్రువము కలుపుదురు. అది చూడక ఆల్టర్నేటరు కలిపినచో అది క్షణములో కాలిపోవును.

ఇక ఇంజను. విప్పుటకు ముందు పొగను చదువవలెను. నీలిపొగ వచ్చినచో ఇంజను ఆయిలు కాలుచున్నది. రింగులో, వాల్వు గైడులో అరిగినవి. నల్లపొగ వచ్చినచో పెట్రోలు హెచ్చుగా పోవుచున్నది. ఇది కార్బురేటరు సవరణతో పోవును, ఇంజను విప్పనక్కఱలేదు. వేడెక్కిన తరువాత కూడ తెల్లనిపొగ ఆగక వచ్చినచో సిలిండరులోనికి నీరు దిగుచున్నది. హెడ్డు గాస్కెట్టును చూడవలెను. పిమ్మట నాలుగు సిలిండరుల ఒత్తిడిని గేజితో కొలిపింపుడు. నాలుగును దగ్గఱదగ్గఱగా నున్నచో ఇంజను ఇంకను బ్రతికియున్నది. ఒకటి మిక్కిలి తగ్గినచో అందు కొంచెము ఆయిలు పోసి మఱల కొలువవలెను. ఒత్తిడి పెరిగినచో లోపము రింగులలో, పెరుగనిచో వాల్వులలో లేదా గాస్కెట్టులో. ఈ చిన్న పరీక్ష చేయక "ఇంజను మొత్తము దించవలెను" అనువానికి ధనము ఇయ్యకుడు.

సిలిండరు అరిగినచో బోరు చేయించి పెద్ద పిస్టనులు వేయుదురు. అంగుళములో వేయింట 10, 20, 30, 40 వంతుల హెచ్చు కొలతలలో పిస్టనులు ఉండును. ఇందు పాటింపవలసినది ఒక్కటే: పిస్టను చేతికి వచ్చినతరువాత దానిని కొలిచి, దానికి తగినట్లు బోరు చేయింపవలెను. ముందు బోరు చేయించి పిదప పిస్టనుకొఱకు తిరుగరాదు. హెచ్చు కొలతకు పోయినకొలది గోడ పలుచనగును. కావున మొదటిసారియే 40కి పోవువాడు తన తరువాతివారికి ఏమియు మిగుల్చడు. హెడ్డు బోల్టులను నడుమనుండి కొసలకు, రెండు మూడు దఫాలుగా, బిగువు కొలుచు పానాతో బిగింపవలెను. క్రొత్తగా కట్టిన ఇంజనును తొలి 800 కిలోమీటర్లు మెల్లగా నడిపి, ఆయిలు మార్చి, వాల్వుల సందులను మఱల సరిచూడవలెను.

"ఇదంతయు ఎందులకు? వేఱొక బలమైన ఇంజను వేసిన పోలేదా?" అందురేమో. అట్లు చేసిన బండ్లు మన దేశమున అనేకము కలవు. కాని బరువైన ఇంజను ముందు స్ప్రింగులను, బ్రేకులను, గేరుబాక్సును, వెనుక ఇరుసును మించిన భారము మోపును. ఒకటి మార్చినచో నాలుగు మార్చవలసివచ్చును. చట్టము సంగతి కూడ ఉన్నది. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నమగునట్లు బండిని మార్చరాదు; ఇంజను మార్పునకు రవాణాశాఖవారి అనుమతి కావలెను. ఇంతేకాదు. 2021లో కేంద్రప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము, 50 ఏండ్లు దాటి, గూటిలోను ఇంజనులోను గొప్ప మార్పులు లేక తొలి రూపముననే నిలుపబడిన బండ్లను వింటేజి బండ్లుగా నమోదు చేయుదురు. అట్టి బండ్లను నిత్యోపయోగమునకు, బాడుగకు నడుపరాదు. మీ తండ్రిగారి కారు నేడు ఆ వయస్సుకు వచ్చినదో, రేపు రానున్నదో. ఇంజను మార్చినచో ఆ గౌరవము పోవును. తీసిన ఇంజను పాత ఇనుపకొట్టుకు పోయినచో మఱల రాదు.

కావున విప్పిన ప్రతి పాత భాగమును, అరిగినదైనను, చీటీ కట్టి ఒక పెట్టెలో ఉంచుడు. కర్మాగారము మూతపడినది, ఇప్పుడు దొరకు భాగములలో మంచివి కలవు, నాసివి కలవు. పాతదానిని ప్రక్కన పెట్టి కొలిచి చూచినగాని భేదము తెలియదు. ఒక పుస్తకములో ఏనాడు ఏమి మార్చితిరో, ఎన్ని కిలోమీటర్లకో, ఎంత ఖర్చో వ్రాసియుంచుడు. పొలమునకు దస్తావేజు ఎట్లో, బండికి ఈ పుస్తకము అట్లు.

అయ్యలారా, మెకానిక్కు పని మీరు స్వయముగా చేయనక్కఱలేదు. కాని ధనము ఇచ్చువారు మీరు; అడుగవలసినవారును మీరే. కుమారుడు "ఎంత వేగము పోవును?" అని అడుగనిండు. మీరు మాత్రము మెకానిక్కును, "ఎంత దూరములో ఆగును?" అని అడుగుడు. ఆ ప్రశ్నకు తృప్తికరమైన ఉత్తరము వచ్చిన పిమ్మట, ఆ బండిలో మీ మనుమలను కూర్చుండబెట్టుడు.